సినిమాల్లో పేదరికం, రేషన్ కార్డు, పింఛను: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రంథాలయం మేడ మీద నెలకొక సినిమా వేసి, ఆ తర్వాత టీ తాగుతూ మాట్లాడుకోవడం కొన్నేళ్లుగా మాకు అలవాటు. పేదల కథ వేసిన రోజున టీ చల్లారిపోతుంది గానీ మాటలు చల్లారవు. అక్కడ పదే పదే వచ్చే ప్రశ్నలనూ నేను చెప్పే జవాబులనూ ఇక్కడ రాసి పెడుతున్నాను. జవాబులు నావి, సభ తీర్మానాలు కావు.

సినిమాలు పేదరికాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయా?

ఆకలిని బాగానే చూపిస్తాయి, లెక్కలను చూపించవు. ఖాళీ కుండ, గుక్కపట్టి ఏడ్చే పసివాడు, మంచినీళ్లు తాగి పడుకునే తల్లి అబద్ధాలని నేను అనను. అలాంటి రోజులు ఉంటాయి. కానీ నెలలో ముప్పై రోజులూ అలా గడవవు. మిగతా రోజుల్లో పేద ఇంట్లో ఏడవడానికి తీరిక ఉండదు. కూడికలు, తీసివేతలు, ఎవరి దగ్గర ఎంత చేబదులు తేవాలన్న ఆలోచన, కాగితం కోసం ఆఫీసు చుట్టూ తిరగడం, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. మన తెర మీదికి ఇవి ఎప్పుడో గానీ రావు.

లెక్కలంటే ఏ లెక్కలు?

శనివారం కూలి డబ్బు చేతికి వచ్చిందనుకోండి. కిరాణా కొట్టులో ఖాతా ఉంది. పాత బాకీలో సగమైనా కట్టకపోతే కొట్టాయన కొత్త సరుకు ఇవ్వడు. డ్వాక్రా వాయిదా సోమవారం. అది తప్పితే గ్రూపులోని ఆడవాళ్లందరి ముందూ తలదించుకోవాలి. చీటీ కట్టాలి, ఎందుకంటే జూన్‌లో పిల్ల కాలేజీ ఫీజుకు ఆ చీటీయే దిక్కు. చెవి దిద్దులు ఇప్పటికే కుదువలో ఉన్నాయి, వడ్డీ కట్టకపోతే అవి ఇక తిరిగి రావు. ఈ నలుగురిలో ఈ వారం ఎవరికి ఎగ్గొట్టాలి? ఎవరికి ఎగ్గొడితే తక్కువ నష్టం? పెద్ద కంపెనీల్లో ఇలాంటి నిర్ణయాలు తీసుకోవడానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకుంటారు. ఇక్కడ అన్నం వార్చుతూ ఒక మనిషి ఆ పని చేస్తుంది.

మరో సంగతి కూడా ఉంది. పేదవాడికి అన్నీ ప్రియమే. ఐదు లీటర్ల నూనె డబ్బా కొనగలిగినవాడికి లీటరు కొంత చవకగా పడుతుంది, పావు లీటరు చొప్పున కొనేవాడికి అదే నూనె ఎక్కువ ధరకు వస్తుంది. లేనితనం వల్లే ఖర్చు పెరుగుతుందన్న ఈ తిరకాసును మన కథల్లో ఎవరూ ముట్టుకోరు.

మా అమ్మ ఈ లెక్కంతా క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో వేసేది. నెలాఖరుకు చెరిపేసి మళ్లీ వేసేది. ఆ క్యాలెండరు వెనక వైపు నాకు ఇంతవరకు ఏ సినిమాలోనూ కనిపించలేదు.

సినిమాలో గుడిసె అంత పెద్దగా ఎందుకుంటుంది?

కెమెరా పట్టాలి గనక. దీపాలు పెట్టాలి, హీరో నిటారుగా నిలబడాలి, అమ్మ కుట్టు మిషను దగ్గర కూర్చుని దగ్గాలి. నిజం పూరింట్లోకి వంగి వెళ్లాలి, వంగి బయటికి రావాలి. ఇందులో దర్శకులను పెద్దగా తప్పుపట్టను. కానీ ఒంటి గది ఇంట్లో ఆరుగురు పడుకుంటే కొత్తగా పెళ్లయిన జంట ఎక్కడ మాట్లాడుకుంటుంది, పరీక్షలున్న పిల్లవాడు ఏ దీపం కింద చదువుతాడు అన్న ప్రశ్నలు కథకు బోలెడంత సరుకు ఇస్తాయి. గుడిసె సెట్టు విశాలం కాగానే ఆ కథలన్నీ ఎగిరిపోతాయి.

పాత తెలుగు సినిమాలు నయమా?

కొన్ని నయం, అన్నీ కావు. పాతవన్నీ బంగారం అనే అలవాటు నాకు లేదు. వితంతువైన తల్లి, ఫస్టు క్లాసులో పాసైన కొడుకు, ఉద్యోగం దొరికిన మర్నాడే తీరిపోయే కష్టాలు అనే మూస అప్పటిదే.

అయితే 1981లో బాలచందర్ తీసిన ‘ఆకలి రాజ్యం’ను మళ్లీ చూడండి. ఢిల్లీలో ఉద్యోగం లేని చదువుకున్న కుర్రాళ్లు. వాళ్లను ఆకలికంటే ఎక్కువగా బాధపెట్టేది ఆకలి అవతలివాళ్లకు తెలిసిపోతుందేమో అన్న సిగ్గు. తిండి లేకపోయినా తింటున్నట్టు నటించే ఘట్టం అందులో ఉంది. అది నిజం. పేదరికంలో సగం శ్రమ దాన్ని దాచడానికే పోతుంది. చుట్టాలు వచ్చినప్పుడు పక్కింటి నుంచి పంచదార తెచ్చి టీ పెట్టిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ మరో రకం. ప్రేమ్‌చంద్ రాసిన ‘కఫన్’ దానికి మూలం. అందులోని తండ్రీ కొడుకులు పని చేయరు. చేస్తే నిండేది ఎలాగూ దొర పొట్టే కదా అన్నది తండ్రి వాదం. వాళ్లు మంచివాళ్లు కారు, ఇంటి కోడలు వాళ్ల మధ్య నలిగిపోతుంది. మా దగ్గర ఆ సినిమా వేసిన రోజున ఒక పెద్దాయన లేచి, ‘ఇలాంటివాళ్ల మీద జాలెందుకు?’ అని నిలదీశారు. నాకు నచ్చింది సరిగ్గా అదే. మన సినిమాల్లో పేదవాడికి జాలి దొరకాలంటే ముందు మంచివాడై ఉండాలి. తాగకూడదు, అబద్ధమాడకూడదు, దొరికిన పర్సు తిరిగి ఇచ్చేయాలి. డబ్బున్నవాడికి ఇలాంటి పరీక్షలేమీ ఉండవు.

రేషన్ కార్డు, పింఛను, ప్రభుత్వ పథకాలు కథలో భాగమైన సినిమాలున్నాయా?

తక్కువ. ఉన్నవాటిలో నేను ముందుగా చెప్పేది 2010లో విడుదలైన శ్యామ్ బెనెగల్ సినిమా ‘వెల్ డన్ అబ్బా’. మాట హిందీ, అదీ దక్కనీ వాసనతో. కథ జరిగేది మాత్రం హైదరాబాదుకు దగ్గర్లోని పల్లెలో. హైదరాబాదు ఉర్దూ రచయిత్రి జీలానీ బానో కథ దాని మూలాల్లో ఒకటి. ముంబయిలో డ్రైవరుగా పనిచేసే అర్మాన్ అలీ కూతురి పెళ్లి సంబంధం కోసం ఊరికి వస్తాడు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బావి తవ్విస్తుందని తెలుస్తుంది. దిగువన ఉన్నట్టు ఒక దొంగ కాగితం పుట్టిస్తాడు. ఇక అక్కడి నుంచి సర్పంచి, తహసీల్దారు, ఇంజినీరు, కాంట్రాక్టరు తలా కొంత నొక్కేస్తారు. చివరికి బావి తవ్వినట్టు ఫోటోలున్నాయి, పూర్తయినట్టు ధ్రువీకరణ ఉంది, బావి మాత్రం లేదు. అప్పుడు తండ్రీ కూతుళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లి మా బావి ఎవరో ఎత్తుకుపోయారని ఫిర్యాదు చేస్తారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెతను రెండు గంటల సినిమాగా తీస్తే ఇలాగే ఉంటుంది. నా దృష్టిలో దాని గొప్పతనం లంచం చూపించడంలో లేదు, లంచాలు ప్రతి సినిమాలోనూ ఉన్నాయి. పథకం ఎన్ని చేతులు మారి వస్తుందో, ఏ సంతకం తర్వాత ఏ సంతకమో వరుస తప్పకుండా చూపించింది. ఆ వరుస తెలిసినవాళ్లు మా హాల్లో నవ్విన నవ్వు వేరు, తెలియనివాళ్లు నవ్విన నవ్వు వేరు.

అదే ఏడాది వచ్చిన ‘పీప్లీ లైవ్’ కూడా చూడాలి. అప్పులపాలైన రైతు నత్థా చచ్చిపోతే పరిహారం వస్తుందని ఎవరో అంటారు, ఆ మాట టీవీల దాకా పాకుతుంది. అధికారులు పరుగెత్తుకొచ్చి పథకం కింద ఒక చేతిపంపు ఇచ్చి పోతారు. బిగించరు, ఇచ్చి పోతారు. ఆ పంపు ఇంటి ముందు పడి ఉంటుంది. అదే ఊళ్లో మరో మనిషి రోజూ మట్టి తవ్వి అమ్ముకుంటూ ఆ గుంటలోనే చచ్చిపోతే ఒక్క కెమెరా కూడా అటు తిరగదు.

తమిళం వచ్చినా రాకపోయినా ‘కాక్కా ముట్టై’ వదలకండి. మణికండన్ దర్శకుడు, చెన్నై మురికివాడలోని ఇద్దరు అన్నదమ్ముల కథ. కోడిగుడ్డు కొనలేక కాకిగుడ్లు తాగే పిల్లలు. ఇంటికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన రంగుల టీవీ వస్తుంది, ఆ టీవీలోనే పిజ్జా ప్రకటన వస్తుంది, పిల్లలకు కోరిక పుడుతుంది. తమిళనాడులో ఉచిత టీవీల పథకం నిజంగా నడిచిందే. దర్శకుడు ఆ పథకాన్ని తిట్టలేదు, పొగడలేదు. టీవీని గదిలో పెట్టి ఊరుకున్నాడు.

తెలుగు సినిమాలో ఎందుకు లేవు?

తెలుగు సినిమాకూ రేషన్ బియ్యానికీ బంధుత్వం తెర వెలుపల ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది మన అగ్ర కథానాయకుడే. అంతకు ముందు ఏడాది తమిళనాట బడిపిల్లల భోజన పథకాన్ని విస్తరించిన ఎం.జి.ఆర్. కూడా కథానాయకుడే. తెర మీద దానాలు చేసిన చేతులు తెర దిగి సంతకాలు పెట్టాయి. ఆ తర్వాత కథ రాసేవాళ్లకు పథకం అంటే రాజకీయమే గుర్తుకు వస్తుందేమో. ఏ పేరు పెట్టినా ఏదో ఒక పార్టీకి తగులుతుందన్న భయం. అందుకే మన సినిమాల్లో ఊరిని బాగుచేసేది డబ్బున్న హీరో. అతను సూట్‌కేసుతో వచ్చి ఊరిని దత్తత తీసుకుంటాడు. పంచాయతీ కార్యదర్శి ఎక్కడా కనిపించడు.

పేదవాడి కోపం పెదవికి చేటు అన్నారు పెద్దలు. సినిమాలో మాత్రం ఆ కోపం విలన్ ఎముకలకు చేటు. చూడ్డానికి హాయిగానే ఉంటుంది, నేనూ ఈలలు వేశాను. కానీ ఆగిపోయిన పింఛను విషయంలో కొట్టడానికి ఎవరున్నారు? ‘సర్వర్ పనిచేయడం లేదమ్మా, రేపు రా’ అని చెప్పే కుర్రవాడు కూడా చిన్న జీతగాడే.

పథకాలతో బతికే జీవితంలో సినిమా చూపించాల్సింది ఏమిటంటారు?

వేలిముద్ర. ఒక ముసలామె ఊహించుకోండి. యాభై ఏళ్లు కలుపు తీసి, ఇటుకలు మోసి, అంట్లు తోమి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెడుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. చీర కొంగుకు తుడిచి మళ్లీ పెడుతుంది. డీలరు మరో వేలు పెట్టమంటాడు. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు. జీవితమంతా పని చేసినందుకే ఆమె పని చేసే మనిషని యంత్రం గుర్తుపట్టదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచే రేషన్ దుకాణాల్లో ఈ యంత్రాలు వచ్చాయి. దొంగ కార్డులు, దొంగ తూకాలు వాటివల్ల తగ్గాయన్న మాటా నిజమే. ఆ రెండు నిజాలూ ఒకే సన్నివేశంలో ఇమిడే కథ ఇది. ఎవరూ తీయడం లేదు.

కరెంటు మీటరు మరో కథ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పెట్టిన అర్హత నిబంధనల్లో నెలకు సగటున 300 యూనిట్ల కంటే ఎక్కువ వాడిన ఇంటికి పథకాలు రావన్నది ఒకటి. కాగితం మీద సబబుగానే ఉంది. కానీ ముగ్గురు అన్నదమ్ములు ఒకే మీటరు మీద మూడు పొయ్యిలు పెట్టుకుని బతికే ఇల్లుందనుకోండి. బిల్లు ఒకటే, కాపురాలు మూడు. మీటరు వేరుచేయాలంటే ఖర్చు, వేరుచేయకపోతే కార్డుకు గండం. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టడానికి మన రచయితలు ఎప్పుడూ ఆస్తులనే వాడతారు. ఒకసారి మీటరును వాడి చూడండి.

ఉపాధి హామీ సంగతి కూడా చెప్పాలి. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. జనం నోట్లో దాని పేరు కరువు పని. మస్టరులో పేరు, చేసిన పనికి కొలత, వారాల తర్వాత ఖాతాలో పడే కూలి. ఊరందరి ముందూ లెక్కలు చదివి వినిపించే సామాజిక తనిఖీ గ్రామసభను మీరెప్పుడైనా చూశారా? ఊళ్లో లేనివాళ్ల పేర కూలి రాశారని ఒకామె లేచి నిలబడి అడిగినప్పుడు ఆ చెట్టు కింద పుట్టే నిశ్శబ్దం ముందు ఏ కోర్టు సన్నివేశమూ నిలవదు.

విదేశీ సినిమాల్లో ఇది ఎవరైనా బాగా తీశారా?

కెన్ లోచ్ తీసిన ‘ఐ, డేనియల్ బ్లేక్’. 2016లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ డోర్ దానికే వచ్చింది. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరంలో గుండెపోటు వచ్చిన ఒక వడ్రంగి. డాక్టరు పని చేయవద్దంటుంది. ప్రభుత్వం తరఫున పరీక్షించిన సంస్థ మాత్రం చేతులెత్తగలవా, టోపీ పెట్టుకోగలవా అని అడిగి, పనికి తగినవాడివే అని తేలుస్తుంది. దాంతో అనారోగ్య భత్యం ఆగుతుంది. నిరుద్యోగ భత్యం కావాలంటే చేయలేని ఉద్యోగాల కోసం వెతుకుతున్నట్టు రుజువు చూపించాలి. దరఖాస్తు కంప్యూటర్‌లోనే పెట్టాలి. మౌస్‌ను తెర మీదికి జరపమంటే ఆయన నిజంగానే మౌస్‌ను ఎత్తి తెరకు ఆనిస్తాడు. హాలంతా నవ్వుతుంది, మరుక్షణం నవ్వినందుకు సిగ్గుపడుతుంది.

పిల్లలకు పెట్టి తాను పస్తులున్న ఒక తల్లి, ఉచిత ఆహార కేంద్రంలో నిలబడిన చోటే డబ్బా మూత తీసి చేత్తో తినేసే ఘట్టం ఉంది. ఆ సన్నివేశాన్ని అలాంటి కేంద్రంలోనే, అక్కడ పనిచేసేవాళ్లతోనే తీశారు.

మరి అది నిజమేనా అంటే, ఆ దేశంలోనే పెద్ద గొడవ జరిగింది. అప్పటి సంబంధిత మంత్రి డేమియన్ గ్రీన్ ఆ సినిమా చూపించిన తీరు ఘోరమైన అన్యాయం అన్నారు. సినిమా మాత్రం చూడలేదని ఆయనే ఒప్పుకున్నారు. ప్రతిపక్ష నేత జెరెమీ కోర్బిన్ ప్రధానిని ఆ సినిమా చూడమని పార్లమెంటులో చెప్పారు. నా మట్టుకు నాకు అందులో ఒక లోపం కనిపిస్తుంది. డేనియల్ మరీ మంచివాడు. ఇందాక చెప్పిన జాలి పరీక్షలో నూటికి నూరు మార్కులు. కాస్త నోటిదురుసు మనిషైతే కథ ఇంకా గట్టిగా నిలిచేది. భత్యం ఆఫీసుకు ఫోను చేసి, అందులో పాట వింటూ ఆయన గంటలకొద్దీ ఎదురుచూడటం మాత్రం అచ్చంగా నిజం. అది చూసి మా హాల్లో ఒకాయన, ‘న్యూకాజిల్ మన మండలంలోకి వస్తుందా?’ అన్నారు.

ఉచితాలకు అలవాటుపడి జనం పని మానేస్తున్నారని హాస్య పాత్రల్లో చూపిస్తారు కదా. అది నిజమేనా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, అడిగేవాళ్లు ప్రతిసారీ నవ్వుతూ అడుగుతారు. నేను కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు 170 గ్రాములు కూడా కాదు. అంత బియ్యంతో పని మానేసి కూర్చోగలిగినవాడు యోగి అయి ఉండాలి. పప్పు, ఉప్పు, నూనె, కూర, అద్దె, మందులు ఎక్కడి నుంచి వస్తాయి?

పింఛను సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను 2014లో 200 నుంచి 1,000 అయింది, పెరుగుతూ 2024లో 4,000కు చేరింది. తెలంగాణలో 2019లో 2,016 అయింది. చివర ఆ పదహారు ఎందుకో మనకు చెప్పనక్కర్లేదు, పెళ్లి చదివింపుల అలవాటు. 2,016ను ముప్పై రోజులకు పంచితే రోజుకు 67 రూపాయలు. నేను గమనించింది ఏమిటంటే, పింఛను వచ్చాక ముసలివాళ్లకు ఇంట్లో మాట చెల్లుతోంది. ఒకటో తారీఖున మనవడికి పది రూపాయలు చేతిలో పెట్టే నాయనమ్మకు కోడలు టీ కప్పు అందించే తీరు మారుతుంది. ఇదీ సినిమాకు పనికొచ్చే సంగతే.

రేషన్ బియ్యం అమ్ముకుంటారన్నది మాత్రం నిజం. దొడ్డు బియ్యం తినలేకా, చేతిలో నగదు లేకా అమ్ముకునేవారు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది ఈ సంగతి తెలిసే.

పేదరికం చూపించి దేశం పరువు తీస్తున్నారన్న విమర్శ సంగతి?

కొత్తదేమీ కాదు. 1980లో హిందీ నటి నర్గీస్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ మీద ఇదే విమర్శ చేశారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు 8 ఆస్కార్లు వచ్చినప్పుడూ ఇదే వినిపించింది. రాయ్ సినిమాల విషయంలో ఆ మాట నిలవదు. ‘స్లమ్‌డాగ్’ విషయంలో కొంత నిలుస్తుంది, అందులో మురికివాడ ఒక పరుగుపందెం మైదానంలా ఉంటుంది. అక్కడ ఎవరూ పని చేస్తున్నట్టు కనిపించదు. ముంబయి మురికివాడ ధారావి తెలిసినవాళ్లకు ముందుగా వినిపించేది పని చప్పుడు.

అక్కడి మనుషులతోనే నటింపజేస్తే నిజమైపోతుందా?

సగం దూరం వస్తుంది. ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖ కంచరపాలెం వాసులే ఎక్కువ మంది నటించారు, ఆ మాట తీరు స్టూడియోలో పుట్టేది కాదు. కానీ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలీ’లో ఆ పండు ముసలి మేనత్తగా వేసిన చునీబాలా దేవి పాత రంగస్థల నటి. చూస్తే అలా అనిపిస్తుందా?

మా ఇంట్లో వాళ్లకు ముందుగా ఏది చూపించమంటారు?

‘వెల్ డన్ అబ్బా’. నవ్వుతూ చూస్తారు, మధ్యలో లేచిపోరు. మా పెద్దమ్మకు అదే చూపించాను. ఇల్లు మంజూరు కోసం ఆమె మూడేళ్లు తిరిగిన మనిషి. సినిమా అయిపోయాక కూతురి పెళ్లి గురించో, పోలీసుల గురించో ఏదో అంటుందనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ‘అవునురా, ఆఖరి బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజినీరును ఏం చేశారు? అది చెప్పలేదే!’ అంది.